ఆడుకునే చోటు చేసే ముందు మూడు రోజులు నేల మీద కూర్చోండి

పోయిన జూన్‌లో మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌కి వెళ్లాను. మూడున్నరేళ్ల బాబు. వాడి కోసం ఒక బెడ్‌రూమ్ మొత్తం సిద్ధం చేశారు. కారు ఆకారంలో మంచం, గోడ నిండా కార్టూన్ బొమ్మల వాల్‌పేపర్, తలుపుల బీరువా నిండా ఆట వస్తువులు. వాళ్లమ్మ నాతో అంది: "లక్షన్నర పెట్టినం మేడం. ఒక్క పావుగంట కూడా ఆ రూంల ఉండడు. ఎప్పుడు చూసినా వంటింటి గడప కాడనే." ఆమె ఆ మాట అంటున్నప్పుడు బాబు గడప మీదే కూర్చుని స్టీలు డబ్బాల మూతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. పక్కన వాళ్ల నాయనమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

ఆ బాబు తనకు కావలసిన చోటు తనే వెతుక్కున్నాడు. మనుషులున్న చోటు, చేతికి వస్తువు అందే చోటు.

అల్వాల్‌లో మా ఇంటి కింది పోర్షన్‌లో నేను డేకేర్ నడుపుతున్నాను. 2012లో నలుగురు పిల్లలతో మొదలైంది, ఇప్పుడు పదహారు మంది. ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా ఉంటారు. మా దగ్గర పిల్లలు గంటల తరబడి ఆడుకోవడం చూసి, ఇంట్లో కూడా ఇలాంటి చోటు ఎలా చేయాలని తల్లిదండ్రులు అడుగుతారు. కొందరి ఇళ్లకు వెళ్లి దగ్గరుండి సర్దించాను కూడా. అలా నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. దీనికి పెద్ద ఇల్లు అవసరం లేదు. సింగిల్ బెడ్‌రూమ్ ఇంట్లో కూడా కుదురుతుంది.

ముందు ఏమీ కొనకండి

మూడు రోజుల పాటు ఉదయం ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట నేల మీద కూర్చోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. పిల్లలతో ఆడించడానికి కాదు, చూడటానికి. వాళ్లు ఎక్కడ ఎక్కువసేపు ఉంటున్నారు, ఏం పట్టుకుంటున్నారు, దేనికి మిమ్మల్ని పిలుస్తున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో పెద్దవాళ్లు ఎన్నిసార్లు "వద్దు" అంటున్నారో, దేనికి అంటున్నారో రాయండి.

మియాపూర్ ఇంట్లో ఒక్క అరగంటలో ఇరవై మూడు వద్దులు లెక్కపెట్టాను. సోఫా ఎక్కొద్దు. ఆ డ్రాయర్ లాగొద్దు. నీళ్లు ఒలకబోయొద్దు. గోడ మీద గీయొద్దు. ఈ కాగితమే మీ ప్లాన్. పిల్లలు ఎక్కాలనుకుంటున్నారు, తెరవాలనుకుంటున్నారు, పోయాలనుకుంటున్నారు, గీయాలనుకుంటున్నారు. ఆ వయసులో ఒళ్లూ చేతులూ కోరేవి అవే. మీరు రోజూ వద్దు అంటున్న ఒక్కో పనికి ఇంట్లో "ఇక్కడ చేసుకో" అని చెప్పగలిగే ఒక చోటు ఏర్పాటు చేస్తే చాలు. నేను ఏ ఇంటికి వెళ్లినా చేసే పని అదొక్కటే.

నేల మీద కూర్చుంటే ఇంకొకటి కూడా తెలుస్తుంది. నిలబడితే కనిపించనివి కనిపిస్తాయి. టీపాయ్ మూల పిల్లల కంటికి సమానంగా ఉండటం, కిందున్న ప్లగ్ పాయింట్, సోఫా వెనక వేలాడే ఛార్జర్ వైరు, కర్టెన్ తాడు. ఆ తాడు ఈరోజే పైకి కట్టేయండి. మెడకు చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కడ

హాల్లో. లేదా మీరు రోజులో ఎక్కువసేపు ఎక్కడుంటారో అక్కడ. ఐదేళ్ల లోపు పిల్లలు కాసేపు ఆడి తలెత్తి మనిషి కోసం చూస్తారు. కనిపిస్తే మళ్లీ ఆటలో పడతారు, కనిపించకపోతే ఆట వదిలి వెతుక్కుంటూ వస్తారు. అందుకే గది చివర ఎంత అందంగా తయారు చేసినా అది ఖాళీగానే ఉంటుంది. ఐదడుగులకు ఆరడుగుల జాగా సరిపోతుంది. వెనక గోడ ఉండాలి, మనుషులు నడిచే దారిలో ఉండకూడదు. కట్టిన టవర్‌ను ఎవరో ఒకరు కాలితో తన్నుతూ ఉంటే ఏ పిల్లలూ రెండోసారి కట్టరు. కింద ఒక బొంత పరచండి. పాత చీరలతో కుట్టిన బొంత కంటే మంచి పరుపు నేను చూడలేదు. జారకుండా కింద రబ్బరు మ్యాట్ ముక్క వేయండి.

"అది తియ్యొద్దు"

తలుపులున్న బీరువా పిల్లలకు పనికిరాదు. లోపల ఏముందో కనిపించదు, తెరవడానికి మిమ్మల్ని పిలవాలి. పెద్ద ప్లాస్టిక్ బుట్టలో అన్నీ కలిపి పోసినా అంతే. అడుగున ఉన్నది ఎవరికీ గుర్తుండదు. పిల్లలు బుట్ట మొత్తం బోర్లించి వెళ్లిపోతారు, మనం తిడతాం.

మాంటిస్సోరి చదువు పద్ధతి మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో శాన్ లోరెంజో అనే పేదల వాడలో చిన్నపిల్లల కోసం తన మొదటి బడి తెరిచినప్పుడు, అక్కడ కూడా వస్తువులన్నీ టీచర్ చేతిలో ఉండే తాళం బీరువాలోనే ఉండేవి. ఒకరోజు టీచర్ తాళం వేయడం మరిచిపోయింది. వచ్చి చూస్తే పిల్లలు ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని పనిలో మునిగిపోయి ఉన్నారు. ఆ తర్వాతే అక్కడ బీరువా పోయి చేతికందే పొట్టి అరలు వచ్చాయి. మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం నడిచిన ఏళ్లలో మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లకు ఇవి నేర్పారు. తాళం కథ నేను ప్రతి ఇంట్లో చెబుతాను.

మీరు చేయించే అరల స్టాండు ఎత్తు రెండడుగులు, పొడవు మూడు నుంచి నాలుగడుగులు, లోతు పన్నెండు అంగుళాలు ఉండాలి. రెండే అరలు, తలుపులు వద్దు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో ఏ కార్పెంటర్ అయినా ఒక్క రోజులో చేస్తాడు. మూలలు గుండ్రంగా గీకించమని, మేకులకు బదులు స్క్రూలు వాడమని ముందే చెప్పండి. ఆ తర్వాత, ఎంత పొట్టిదైనా సరే, ఎల్ క్లాంపులతో (ఎల్ అక్షరంలా వంచిన ఇనుప బద్దలు) గోడకు బిగించండి. మా దగ్గర రెండో ఏడాది పుస్తకాల ర్యాక్‌ను ఒక పాప నిచ్చెనలా ఎక్కింది. ర్యాక్ ముందుకు ఒరిగింది. ఆయమ్మ పక్కనే ఉండి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే డ్రిల్ మెషిన్ తెప్పించి ఇంట్లో ఉన్న బీరువాలు, ర్యాకులు, టీవీ స్టాండ్ అన్నీ గోడలకు బిగించాం. మీరు అంతదాకా ఆగొద్దు.

అర మీద ఆరు నుంచి ఎనిమిది వస్తువులే పెట్టండి. ఒక్కోటి ఒక్కో చిన్న ట్రేలో, మధ్యలో ఖాళీ వదిలి. మిగిలినవన్నీ అట్టపెట్టెలో పెట్టి అటక మీద పెట్టండి. రెండు వారాలకు రెండు మూడు మార్చండి. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో చిన్నపిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలతో, ఒకసారి పదహారు బొమ్మలతో ఆడనిచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మా దగ్గర కూడా సోమవారం బొమ్మలు తగ్గించి పెట్టిన వారం గొడవలు తక్కువ.

అయితే ఒక మాట. మూడేళ్ల లోపు పిల్లలు ఇద్దరుంటే ప్రతిదీ రెండేసి పెట్టాలి. ఆ వయసులో పిల్లలు కలిసి ఆడరు, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడతారు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లోనే ఈ దశలను విడివిడిగా గుర్తించి రాశారు. "షేర్ చేసుకో నాన్నా" అని రెండేళ్ల వాడిని బతిమాలడం కంటే రెండో గరిట ఇవ్వడం తేలిక.

అర మీద ఏం పెట్టాలి

బటన్ నొక్కితే పాట పాడే బొమ్మ ఒక్కటే పని చేస్తుంది. పది స్టీలు గిన్నెలు వంద పనులు చేస్తాయి. సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ శిల్పి 1971లో ఇదే చెప్పారు: ఒక చోట కదిలించగలిగిన, కలపగలిగిన, మార్చగలిగిన విడి వస్తువులు ఎన్ని ఎక్కువుంటే పిల్లల్లో అంత కొత్త ఆలోచన పుడుతుంది. మన అమ్మమ్మలు చింతగింజలు, గవ్వలు, కొబ్బరి చిప్పలు, పెంకులు ఇచ్చి కూర్చోబెట్టినప్పుడు చేసింది కూడా ఇదే.

నేను బేగంబజార్ వెళ్లి కొనేవి ఇవి: ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు, చిన్న చెంబు, గరాటు, పోపు డబ్బా, పట్టకారు, చిన్న జల్లెడ. బొమ్మ వంట సెట్టు కంటే ఇవి గట్టివి, నిజంగా పని చేస్తాయి. వీటితో పిల్లలు గుజ్జనగూళ్లు వండుతారు, కొట్టు పెట్టుకుంటారు, బస్సు నడుపుతారు. కార్పెంటర్ దగ్గర మిగిలిన చెక్క ముక్కలు అడిగి తెచ్చి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దితే బిల్డింగ్ బ్లాకులు. కనీసం ముప్పై ఉండాలి. పది ముక్కలతో ఇల్లు లేవదు.

చెక్క బొమ్మలు కొనాలనుకుంటే ఏటికొప్పాక లక్క బొమ్మలు తీసుకోండి. అంకుడు చెక్క మీద లక్క, అందులో చెట్ల నుంచి తీసిన రంగులు. నోట్లో పెట్టుకునే వయసు వాళ్లకు నేను ఇవే ఇస్తాను. శిల్పారామంలో, హస్తకళల షోరూముల్లో దొరుకుతాయి. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తుల వాళ్లు చేసే బొమ్మలకు, జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానికే చెందిన వస్తువు అని ఇచ్చే గుర్తింపు) ఉన్నవాటికి మాత్రం మినహాయింపు ఉంది. ప్లాస్టిక్ బొమ్మ కొనేటప్పుడు ఆ గుర్తు చూసే కొనండి.

నాలుగేళ్లు దాటాక వామనగుంటల పీట ఒకటి తెచ్చిపెట్టండి. పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతగింజలు. గింజలు ఒక్కొక్కటిగా వేస్తూ పోవడంలో లెక్క వస్తుంది, బొటనవేలు చూపుడువేలు కలిపి పట్టే పట్టు వస్తుంది. రేపు పెన్సిల్ పట్టుకునేది ఆ పట్టుతోనే. ఓడిపోయినప్పుడు ఓర్చుకోవడం కూడా అక్కడే మొదలవుతుంది, అది కొన్నిసార్లు గింజలన్నీ విసిరేశాక వస్తుంది.

ఇక్కడ మాత్రం జాగ్రత్త. టాయిలెట్ రోల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం దాచుకోండి. ఆ గొట్టంలో దూరిపోయే వస్తువు ఏదైనా మూడేళ్ల లోపు పిల్లలకు అందకూడదు. చింతగింజలు, గోలీలు, వేరుశనగలు, నాణేలు అన్నీ అంతే. ఇంట్లో చిన్నా పెద్దా ఇద్దరూ ఉంటే పెద్దవాళ్ల గింజలకు మూత బిగిసే డబ్బా, దాన్ని ఎత్తులో పెట్టండి. రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో ఉండే బిళ్ల లాంటి బటన్ బ్యాటరీ అన్నిటికంటే ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. అనుమానం వస్తే చాలు, ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మను నేను లోపలికి రానివ్వను.

"ఎక్కొద్దు, దూకొద్దు"

మా ఇంటి వరండాకు షాబాద్ బండల మెట్లు రెండున్నాయి. డేకేర్ మొత్తంలో ఎక్కువగా వాడేది అదే. ఎక్కడం, దూకడం, మళ్లీ ఎక్కడం. మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది. తర్వాత నాలుగు మడతల బొంత కింద వేసి ఊరుకున్నాను.

ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడేళ్లు దాటినవాళ్లకు అందులో 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేంత ఆట కావాలి. ఫ్లాట్లో ఇది ఎలా? మొదటిది, రెండు మెట్లున్న చెక్క పీట. మొదటి మెట్టు ఎనిమిది అంగుళాలు, రెండోది పదహారు. దాని ముందు పాత దూది పరుపు. ఎక్కడానికీ దూకడానికీ ఇదే చోటు, సోఫా కాదు అని చెప్పండి. వారం రోజులు మళ్లీ మళ్లీ చెప్పాలి, తర్వాత అలవాటవుతుంది. రెండు, బరువు. బుట్టలో రెండు కిలో బియ్యం ప్యాకెట్లు పెట్టి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు తోయమనండి. తోయడం, లాగడం, మోయడం వల్ల కండరాలకు, కీళ్లకు గట్టి పని దొరుకుతుంది. పరుగులు పెట్టి అదుపు తప్పిన పిల్లలు ఈ పని తర్వాత నెమ్మదిస్తారు. మా దగ్గర అన్నానికి ముందు కంచాలు మోసే పని గొడవ చేసేవాళ్లకే ఇస్తాం.

మూడు, ఉయ్యాల. కొక్కెం స్లాబుకో బీముకో బిగించాలి. ఫాల్స్ సీలింగ్‌కి ఎప్పుడూ వద్దు. ముందు మీరు కూర్చుని చూడండి. ముందూ వెనకా గోడ, బల్ల తగలకుండా ఖాళీ ఉండాలి. చీర ఉయ్యాలైతే పెద్దవాళ్లు పక్కన ఉన్నంతసేపే. పిల్లలు దాన్ని మెలితిప్పుకుంటూ ఆడతారు, మెడకు బిగుసుకుంటుంది. ఆట అవగానే విప్పేయండి.

"నీళ్లు ఒలకబోయొద్దు"

వాష్ ఏరియాలోనో బాత్రూంలోనో వెడల్పాటి టబ్బులో రెండు అంగుళాల నీళ్లు, చెంబు, గరాటు, స్పాంజి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకు ఇంతకు మించిన ఆట లేదు. ఎంత పోస్తే నిండుతుంది, ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అన్నీ చేతికే తెలుస్తాయి. తర్వాత ఆ నీళ్లు మొక్కలకు పోయమనండి, అదీ ఆటే. కానీ ఆ సమయమంతా మీరు అక్కడే కూర్చోవాలి. డోర్‌బెల్ మోగితే పిల్లలను ఎత్తుకుని వెళ్లండి. కొద్దిపాటి నీళ్లలో కూడా చిన్నపిల్లలు మునిగిపోతారు. ఆట అయ్యాక టబ్బు బోర్లించాలి, బాత్రూంలో నిండు బకెట్ ఎప్పుడూ ఉంచకూడదు. నీళ్లు నిలవ లేకపోతే దోమల బెడద కూడా ఉండదు.

ఇసుక కావాలంటే కడిగిన వాగు ఇసుకే తేవాలి. కట్టడాల దగ్గర దొరికే రోబో శాండ్ రాతి పొడి, పిల్లలు పీల్చకూడదు. రాత్రి మూత వేయకపోతే పిల్లులు వస్తాయి. ఇవన్నీ కుదరకపోతే గోధుమపిండి, ఉప్పు, కాస్త నూనె వేసి కలిపిన ముద్ద చాలు.

"గోడ మీద గీయొద్దు"

హాల్లో ఒక గోడ, నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తు దాకా, బ్లాక్‌బోర్డ్ పెయింట్ వేయించండి. ముందు వేయించడానికి మనసొప్పదు, ఆ తర్వాత మిగిలిన గోడలు బతుకుతాయి. నిలబడి గోడ మీద గీస్తే భుజం, మణికట్టు బలపడతాయి. అవి బలపడితేనే తర్వాత కూర్చుని రాయడం తేలికవుతుంది. షాబాద్ బండల ఇల్లైతే మీకు అదృష్టమే, నేలంతా పలకే. సుద్దముక్కతో తొక్కుడు బిళ్ల గీసుకోవచ్చు, తడిగుడ్డతో పోతుంది.

పెయింట్ కొనేటప్పుడు సీసం గురించి అడగండి. 2017 నవంబర్ నుంచి ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని నియమం ఉంది. అంతకు ముందు రంగు వేసిన పాత ఇనుప మంచాలు, కుర్చీలు ఎర్రగడ్డ ఆదివారం సంతలో చవగ్గా దొరుకుతాయి కానీ, పెచ్చులూడే పాత రంగు ఉన్నది పిల్లల కోసం తేవద్దు. ఇంట్లో దాన్ని గీకడం ఇంకా ప్రమాదం, ఆ దుమ్ము మొత్తం పిల్లల చేతుల్లోకి, నోట్లోకి వెళ్తుంది.

మిగిలిన గోడలు ఖాళీగా వదలండి. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, గోడలనిండా బొమ్మలున్న గదిలో కూర్చున్న పిల్లలు ఖాళీ గోడల గదిలో వాళ్లకంటే ఎక్కువగా దృష్టి చెదిరి, తక్కువ నేర్చుకున్నారని చూపించారు. పిల్లలు వేసిన రెండు బొమ్మలు వాళ్ల కంటి ఎత్తులో అంటిస్తే చాలు.

దాక్కునే గూడు

డైనింగ్ టేబుల్ మీద నుంచి పాత చీర నేల దాకా వేలాడదీయండి. కింద ఒక దిండు, నాలుగు పుస్తకాలు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. కోపం వచ్చినప్పుడు, చుట్టాలు ఎక్కువై చిరాకు వేసినప్పుడు పిల్లలకు వెళ్లడానికి ఒక చోటు కావాలి. అందులోకి వెళ్లినవాళ్లను మేం పిలవం.

వద్దు అని ఉంచాల్సిన చోటు

బాల్కనీ. ఇక్కడ రాజీ లేదు. రెయిలింగ్ కడ్డీల మధ్య సందు నాలుగు అంగుళాలు దాటితే మెష్ కొట్టించండి. అడ్డ కడ్డీలు నిచ్చెన లాంటివి, వాటికి లోపలివైపు షీటు బిగించాలి. రెయిలింగ్ దగ్గర కుర్చీ, కుండీ, వాషింగ్ మెషిన్, పాత పేపర్ల కట్ట, ఎక్కడానికి వీలయ్యేది ఏదీ ఉండకూడదు. కిటికీ పక్కన మంచం, సోఫా కూడా అంతే. తలుపు గొళ్లెం పైన ఉండాలి. నేను సర్దే పని మొదలుపెట్టే ముందు బాల్కనీ చూస్తాను. అది సరిచేయకపోతే మిగతా పని చేయను.

అపార్ట్‌మెంట్ కింద ఆట స్థలం ఉంటే అసోసియేషన్ మీటింగ్‌లో రెండు విషయాలు అడగండి: జారుడు బల్ల కింద పేవర్ బ్లాకులు తీసేసి ఇసుక కానీ రబ్బరు టైల్స్ కానీ వేయించడం, పైన గ్రీన్ నెట్ కట్టించడం. వేసవిలో పిల్లలను దించే ముందు జారుడు బల్లను మీ చేతి వెనక భాగంతో తాకి చూడండి.

మియాపూర్ ఇంట్లో ఒక శనివారం పని చేశాం. కారు మంచం అలాగే ఉంచాం, రాత్రి పడుకుంటున్నాడు కదా. హాల్లో వంటింటి గడపకు ఎదురుగా ఉన్న షూ ర్యాక్ తీసి అక్కడ పొట్టి అర బిగించాం. బీరువాలోని బొమ్మల్లో ఏడు బయట పెట్టి మిగిలినవి అటకెక్కించాం. గడప పక్కన బొంత, రెండు మెట్ల పీట. ప్లైవుడ్, కార్పెంటర్ కూలి, గిన్నెలు, పెయింట్ అన్నీ కలిపి ఐదు వేల లోపే అయింది. రెండు వారాల తర్వాత వాళ్లమ్మ ఫోటో పంపింది. బాబు రెండో మెట్టు మీద కూర్చుని పట్టకారుతో చిక్కుడుకాయలు ఒక్కొక్కటీ గిన్నెలో వేస్తున్నాడు. నాయనమ్మ తన కుర్చీ జరుపుకుని బొంత అంచు దాకా వచ్చేసింది.